రెండు మైకులు, ఒక టేపు

1934 జనవరిలో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో కండక్టర్ థామస్ బీచమ్ తన లండన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా చేత మొజార్ట్ 'జూపిటర్' సింఫనీని సాధన చేయించారు. 1936 నవంబరు 19న అదే బీచమ్, అదే బృందంతో జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో కచేరీ చేశారు. రెండుచోట్లా పక్కన ఇంజనీర్లు ఒక్కో కొత్త సంగతిని పరీక్షిస్తూ కూర్చున్నారు. లండన్‌లో వాళ్ళ దగ్గర స్టీరియో ఉంది, దాన్ని నిలుపుకోవడానికి మైనపు డిస్కు తప్ప మరో దారి లేదు. జర్మనీలో టేపు ఉంది, స్టీరియో లేదు. ఇవాళ మనం కళ్ళు మూసుకుని విని మురిసిపోయే లైవ్ రికార్డింగులు ఈ రెండూ ఒకచోట కలిశాక పుట్టినవే.

కచేరీ జరుగుతుండగానే దాన్ని పట్టుకోవాలన్న ఆశ అంతకన్నా పాతది. 1888లోనే లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హాండెల్ బృందగానాన్ని ఎడిసన్ ఫోనోగ్రాఫు మైనపు సిలిండర్ల మీదకు ఎక్కించారు. ఇప్పుడు వింటే హోరు వెనకాల పాటను వెతుక్కోవాలి. తర్వాత మైకులు వచ్చి శబ్దం స్పష్టమైంది. అయినా వంద వాద్యాలూ ఒకే కన్నంలోంచి వచ్చినట్టు వినిపించేవి. హాలు ఎంత వెడల్పో, వయొలిన్లు ఏ వైపు ఉన్నాయో తెలిసేది కాదు.

ఆ లోటు గట్టిగా పట్టించుకున్నవాడు అలన్ బ్లూమ్‌లైన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. భార్యతో సినిమాకు వెళ్తే తెర మీద నటుడు ఒక పక్కన, అతని గొంతు ఇంకో పక్కన ఉండటం ఆయనకు మింగుడుపడలేదని చెప్తారు. 1931 డిసెంబరు 14న ఈఎంఐ తరఫున పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. మన రెండు చెవులకూ చేరే శబ్దంలో ఉండే చిన్న తేడాల్ని బట్టే అది ఎటునుంచి వస్తోందో మనసు పోల్చుకుంటుంది. స్టీరియో అంటే ఆ తేడాల్ని పట్టడమే. అందుకు ఆయన చెప్పిన పద్ధతుల్లో ఒకటి చాలా అందమైనది. ముందూ వెనకా ఒకేలా వినగలిగే రెండు మైకుల్ని ఒకేచోట, ఒకటి కుడికీ ఒకటి ఎడమకూ చూసేట్టు లంబకోణంలో పెట్టాలి. ముందువైపు నుంచి వాద్యాలు వస్తాయి, వెనకవైపు నుంచి హాలు గోడల ప్రతిధ్వని వస్తుంది. అంటే పాటతో పాటు పాడే చోటు కూడా రికార్డవుతుంది. ఒకే గాడికి ఉన్న రెండు గోడల మీద రెండు చానెళ్ళు చెక్కే ఉపాయమూ ఆ పేటెంటులోనే ఉంది. 1942లో ఒక రాడార్ పరీక్షలో విమానం కూలి బ్లూమ్‌లైన్ చనిపోయారు. అప్పటికి ఆయనకు 38 ఏళ్ళు. 1950ల చివర స్టీరియో ఎల్పీలు దుకాణాల్లోకి వచ్చినప్పుడు వాటి గాడి ఆయన ఊహించిన తీరులోనే ఉంది.

ఇక టేపు సంగతి. అప్పటి డిస్కు మీద ఒక వైపు నాలుగైదు నిమిషాలకే నిండిపోయేది. సంగీతాన్ని ముక్కలుగా కోయక తప్పేది కాదు. జర్మనీలో ఏఈజీ కంపెనీ 1935లో చూపించిన మాగ్నెటోఫోన్ అనే టేపు యంత్రం ఆ బాధ తీర్చింది. కానీ మొదటి టేపుల్లో బుస ఎక్కువ, మెత్తటి స్వరాలు అందులో మునిగిపోయేవి. 1940లో వాల్టర్ వెబర్ అనే ఇంజనీరు పనిచేస్తుండగా ఒక ఆంప్లిఫయర్ అదుపు తప్పి, చెవికి అందనంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో తనంతట తాను కంపించడం మొదలుపెట్టింది. చిత్రంగా ఆ టేపు మీద బుస తగ్గిపోయింది! కారణం వెతికితే, ఆ కంపనమే టేపులోని అయస్కాంత రేణువుల్ని చిన్న శబ్దాలకు కూడా సరిగ్గా స్పందించేలా చేస్తోందని తేలింది. దాన్నే పద్ధతిగా మార్చారు. ఏసీ బయాస్ అన్న ఆ పద్ధతి ఆ తర్వాత టేపు రికార్డింగు అంతటికీ ఆధారమైంది.

టేపూ స్టీరియో కలిసిన తొలి ఘట్టాల్లో ఒకటి యుద్ధకాలపు బెర్లిన్‌లో జరిగింది. అక్కడి రేడియో ఇంజనీరు హెల్ముట్ క్రూగర్ తీసిన స్టీరియో టేపుల్లో కొన్నే మిగిలాయి. వాటిలో వాల్టర్ గీసెకింగ్ పియానో వాయించిన బీథోవెన్ 'ఎంపరర్' కాన్సర్టో ఒకటి. అందులో మెల్లని చోట్ల విమాన విధ్వంసక తుపాకుల మోత వినిపిస్తుంది. యుద్ధం ముగిశాక అమెరికా సైనికుడు జాక్ మల్లిన్ రెండు మాగ్నెటోఫోన్లను విడిభాగాలుగా ఇంటికి పంపుకున్నాడు. 1946లో వాటిని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంజనీర్లకు వినిపించాడు. అక్కడి నుంచి అమెరికాలో టేపు యుగం మొదలైంది.

ఫలితం వినాలంటే నేను ముందు చేతిలో పెట్టే రికార్డు 'బెలఫాంటె ఎట్ కార్నెగీ హాల్'. 1959 ఏప్రిల్ 19, 20 తేదీల్లో న్యూయార్క్‌లో జరిగిన కచేరీలవి. ఇంజనీరు బాబ్ సింప్సన్. 'మటిల్డా' పాటలో హ్యారీ బెలఫాంటె శ్రోతల చేత వంతుల వారీగా పాడిస్తాడు. ఆయన గొంతు దగ్గరగా, జనం జవాబు దూరంగా, మధ్యలో ఉన్న ఆ ఖాళీ అంతా మనకు తెలుస్తుంది. గదిలోని రెండు స్పీకర్ల మధ్య ఒక పెద్ద హాలు తెరుచుకుంటుంది. ఈ పనికి సింప్సన్‌కు ఆ ఏటి గ్రామీ దక్కింది.

రెండోది 'జాజ్ ఎట్ ది పాన్‌షాప్'. స్టాక్‌హోమ్ పాతబస్తీలో ఒకప్పటి తాకట్టు దుకాణం తర్వాత స్టాంపెన్ అనే జాజ్ క్లబ్బయింది. 1976 డిసెంబరు 6, 7 రాత్రులు అక్కడ ఆర్నె డొమ్‌నెరుస్ బృందం వాయించింది, ఇంజనీరు గెర్ట్ పామ్‌క్రాంట్స్ నాగ్రా టేపు యంత్రాలతో రికార్డు చేశారు. కార్నెగీ విశాలం, ఇది ఇరుకు. గ్లాసుల గలగల, బల్లల దగ్గర మాటలు, వాటి మీదుగా తేలివచ్చే వైబ్రఫోన్. ఆ చప్పుళ్ళను తుడిచేస్తే సంగీతం శుభ్రపడేదేమో గానీ ఆ చోటు పోయేది.

ధ్వని నాణ్యత అంటే బుస లేకపోవడం, స్పష్టత ఉండటం అనుకుంటాం. అవి అవసరమే, వెబర్ పద్ధతి వాటిని ఇచ్చింది. గొప్ప లైవ్ రికార్డింగుకు మాత్రం బ్లూమ్‌లైన్ కోరింది కూడా ఉండాలి: ఎవరు ఎక్కడున్నారో, ఎంత దూరంలో ఉన్నారో, చుట్టూ ఎలాంటి గోడలున్నాయో తెలియాలి. మైకును ఒక అడుగు అటో ఇటో జరపడంలో ఆ తేడా అంతా ఉంటుంది, అక్కడ తీర్పు యంత్రానిది కాదు, మనిషి చెవిది. అందుకే గాయకుడి పేరంత శ్రద్ధగా అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉండే ఇంజనీరు పేరూ చదవాలంటాను. మంచి రికార్డులు వెతుక్కోవడానికి అంతకన్నా నమ్మకమైన దారి నాకు తెలియదు.