ఔత్సాహికుల కెమేరాలు, కటకములు

ఛాయాచిత్రణమును జీవనోపాధికై గాక అభిరుచిచే అభ్యసించువారు వాడు కెమేరాలును, లెన్సులని లోకము పిలుచు కటకములును గత నూట ముప్పదియేండ్లలో పలుమార్లు మారినవి. ఈ మార్పులను వరుసగ పరిశీలించినచో, ఏ కాలమునందైనను ఎక్కువమంది చేతులలో నుండిన కటకము కెమేరా కొన్ననాడు అదే పెట్టెలో దుకాణదారు అందిచ్చినదే యని తెలియగలదు. కావున ఔత్సాహికుల కటకముల చరిత్ర, నిర్మాతలు ఆ పెట్టెలో ఏ కటకమును ఉంచిరి, ఏ కారణముచే ఉంచిరి అను వృత్తాంతముతో ముడివడి యున్నది.

పలకల కాలము

1839లో డాగేర్ అనునాతని ఛాయాచిత్రణ పద్ధతి ప్రకటితమైన నాటికి కటకములు మిక్కిలి మందగాములు. చిత్రమునకు కూర్చున్నవాడు నిమిషముల కొలది కదలక మెదలక ఉండవలసి వచ్చెడిది. వియన్నా విశ్వవిద్యాలయమున గణితాచార్యుడైన జోసెఫ్ పెట్స్వాల్ 1840లో గణనముచే రూపొందించిన ముఖచిత్ర కటకము ఎఫ్/3.6 ద్వారము గలదై, అంతకుముందున్న వానికంటె అనేక రెట్లు అధికమైన వెలుతురును లోనికి విడిచి, ఆ శ్రమను బహుళముగ తగ్గించెను. ఇచ్చట ఎఫ్ సంఖ్య యనగా కటకము యొక్క నాభ్యంతరమును, అనగా కటకమునుండి కిరణములు కూడు నాభివరకు గల దూరమును, దాని ద్వారవ్యాసముచే భాగింపగా వచ్చు లబ్ధము. ఈ సంఖ్య చిన్నదైన కొలది వెలుతురు హెచ్చుగ ప్రవేశించును.

అయినను గాజుపలకలు, ముక్కాలి పీట, చీకటిగది, రసాయనములు వీనిని సమకూర్చుకొనగల ధనవంతులకును, వృత్తినిపుణులకును తప్ప ఈ విద్య అందుబాటులో నుండలేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో చిత్రశాలను నెలకొల్పిన రాజా దీనదయాళ్ చిత్రములు ఇట్టి పెద్ద పలకల పనితనమునకు తెలుగుదేశమున మిగిలిన గొప్ప నిదర్శనములు.

పెట్టె కెమేరాలు

అభిరుచిగల సామాన్యుని చేతికి కెమేరాను మొదట అందించినవాడు అమెరికాలోని రాచెస్టర్ నగరవాసి జార్జ్ ఈస్ట్‌మన్. 1888లో అతడు విడుదలచేసిన కొడాక్ కెమేరా ధర 25 డాలర్లు. 100 చిత్రములకు సరిపడు ఫిల్ము చుట్ట కర్మాగారముననే అందు ఎక్కింపబడి యుండెడిది. దృశ్యమును చూచుకొనుటకు దానిలో కన్నమే లేదు. పెట్టె పైభాగమున చీలిన కొమ్మవలె గీయబడిన రెండు రేఖలను బట్టి, ఎదుట నున్నది ఎంతవరకు చిత్రములో పడునో ఊహించుకొనవలసినదే. దారము లాగి షట్టరును సిద్ధపరచి, మీట నొక్కి, పిదప చావి త్రిప్పి చుట్టను జరుపుకొన్నచో ఒక చిత్రము ముగిసినట్లు. వంద చిత్రములును అయిన పిమ్మట కెమేరాను ఉన్నదున్నట్లు కర్మాగారమునకు పంపినచో, 10 డాలర్లు పుచ్చుకొని, రెండున్నర అంగుళముల గుండ్రని చిత్రములను ముద్రించి, క్రొత్త చుట్టతో తిరిగి పంపెడివారు.

1900లో వచ్చిన బ్రౌనీ ధరను ఒక్క డాలరునకు దింపెను. అట్టపెట్టె వంటి ఆ కెమేరాలో నున్నది నెలవంక ఆకారముగల ఒంటి గాజుబిళ్ళ మాత్రమే. ద్వారము మిక్కిలి చిన్నది గావున, కొంత దూరమునకు ఆవల నున్నదంతయు సరిదిద్దుకొననక్కరలేకయే సుమారుగ స్పష్టముగ పడెడిది. మంచి యెండ మాత్రము కావలెను. ఇదే సూత్రము ననుసరించి, తరువాతి కాలమున మన దేశములో తయారైన ఆగ్ఫా క్లిక్-3, 120 సంఖ్యగల రీలుపై 12 చదరపు చిత్రముల నిచ్చుచు, మధ్యతరగతి కుటుంబముల యాత్రలకును, పుట్టినరోజులకును సాక్షిగా నిలిచెను.

35 మి.మీ. ఫిల్మును, 50 మి.మీ. కటకమును

జర్మనీలోని వెట్స్‌లార్ పట్టణమున లైట్జ్ సూక్ష్మదర్శినుల కర్మాగారములో పనిచేయుచుండిన ఆస్కార్ బార్నాక్, బరువైన పలకల కెమేరాను మోయుట విసుగై, చలనచిత్రముల ఫిల్మునే వాడుకొనగల చిన్న కెమేరాను 1913–14 ప్రాంతమున నిర్మించెను. చలనచిత్రములో ఒక్కొక్క చిత్రపు కొలత 18×24 మి.మీ. కాగా, ఫిల్మును అడ్డముగ నడిపి, దానిని రెట్టించి 24×36 మి.మీ. చట్రమును ఆయన ఏర్పరచెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము 1925లో లైప్జిగ్ వసంత ప్రదర్శనమున ఈ యంత్రము లైకా అను పేర వెలువడెను.

ఈ చట్రపు కర్ణము 43.3 మి.మీ.; సామాన్యదృష్టికి సహజమని తోచు చిత్రము రావలెనన్న కటకపు నాభ్యంతరము ఇంచుమించు కర్ణమునకు సమానముగ నుండవలెనని వాడుక. లైకాకొరకు మాక్స్ బెరెక్ రూపొందించిన కటకము మాత్రము 50 మి.మీ. గలది, కర్ణముకంటె నాభ్యంతరము కొంచెము హెచ్చైనందున చట్రపు మూలలను సైతము నిర్దుష్టముగ చిత్రించుట సులభమాయెను. ఎల్మార్ అను పేరును, ఎఫ్/3.5 ద్వారమును గల ఈ కటకము తొలి లైకాలకు విడదీయరానిదై యుండెను. అనంతరము ఊడదీసి మార్చుకొనగల కటకములు వచ్చినను, 50 మి.మీ. కొలతయే ప్రమాణ కటకమను పేరుతో స్థిరపడెను. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు ఆంరి కార్తియే-బ్రెసోఁ తన జీవితమునందు అధికభాగము ఈ కొలతతోనే పని సాగించెను.

ఈ లైకాలలో ఫిల్ము ఎక్కించుట ఓర్పు నపేక్షించు పని. వెనుకతలుపు లేదు గావున, అడుగుమూతను ఊడదీసి, ఫిల్ము కొసను సుమారు 10 సెంటీమీటర్ల పొడవున నాలుకవలె సన్నగ కత్తిరించి, క్రిందినుండి లోనికి జారవిడువవలెను. నాలుక పొట్టిదైనచో అంచుననున్న రంధ్రములు చిక్కుకొని ఫిల్ము చిరిగెడిది. 1934లో కొడాక్ సంస్థ పగటివెలుతురులోనే ఎక్కింపదగిన డబ్బీలను ప్రవేశపెట్టిన పిమ్మట 35 మి.మీ. ఫిల్ము సర్వసాధారణ మాయెను.

జంట కటకములు

బ్రౌన్ష్వైగ్ నగరమున 1929లో పుట్టిన రోలైఫ్లెక్స్ కెమేరాకు ఒకదానిపై నొకటిగ రెండు కటకములు కలవు: పైది చూచుటకు, క్రిందిది చిత్రించుటకు. కెమేరాను రొమ్మున కానించుకొని, తలవంచి, పైనున్న గాజుతెరపై కుడియెడమలు తారుమారైన దృశ్యమును చూడవలెను. ఆరు సెంటీమీటర్ల చదరపు నెగటివ్ పెద్దది గావున చిత్రములు నిశితముగ నుండెడివి. దీని ననుసరించి జపానులో తయారైన యాషికా కెమేరాలు మన పట్టణముల స్టూడియోలలోను, పెండ్లిపందిళ్ళలోను విరివిగ కనిపించెడివి.

అద్దపు కెమేరాల ప్రాబల్యము

కటకమునుండి వచ్చు కిరణములనే అద్దముచే మరలించి కంటికి చూపు పద్ధతిని 35 మి.మీ. ఫిల్మునకు అన్వయించిన వానిలో డ్రెస్డెన్ నగరపు కీన్ ఎక్సాక్టా 1936లో ప్రసిద్ధి కెక్కెను. దృశ్యమును నిటారుగ చూపు పంచకోణ పట్టకము 1949లో కాంటాక్స్ ఎస్ కెమేరాలోను, మీట నొక్కగనే లేచిన అద్దము తక్షణమే స్వస్థానమునకు వచ్చు ఏర్పాటు 1954లో అసాహిఫ్లెక్స్‌లోను చేరినవి. 1950లో అమెరికను పత్రికా ఛాయాచిత్రకారుడు డేవిడ్ డగ్లస్ డంకన్ నిక్కోర్ కటకముల నాణ్యమును గుర్తించి కొరియా యుద్ధమున వాడుటచే జపాను కటకములకు ప్రపంచఖ్యాతి కలిగెను. 1959లో వచ్చిన నైకాన్ ఎఫ్ ఆ ఖ్యాతిని స్థిరపరచెను.

అద్దము కదలుటకు చోటు కావలెను గనుక ఈ కెమేరాలలో కటకము ఫిల్మునకు దూరముగ నుండవలసి వచ్చెను. మరచుట్టు కటకములు గల లైకాలో ఆ దూరము 28.8 మి.మీ. కాగా, నైకాన్ ఎఫ్‌లో 46.5 మి.మీ. అందువలన విశాలద్వారముగల తొలి కటకములు 55, 58 మి.మీ. కొలతలలో రూపొందినవి, సోవియట్ జెనిత్ కెమేరాలతో వచ్చిన 58 మి.మీ. హీలియోస్ ఇట్టిదే. క్రమముగ గణనపద్ధతులు మెరుగుపడగా 50 మి.మీ. కొలతయే మరల నెలకొనెను. 1976లో వెలువడిన కెనాన్ ఏఈ-1, పెంటాక్స్ కె1000 కెమేరాలు ఈ కటకముతోనే విద్యార్థులకును ఔత్సాహికులకును చేరినవి. వీనిలో కె1000 దాదాపు ఇరువదియేండ్లు తయారగుచుండెను.

జూమ్, స్వయంచాలక స్పష్టత

నాభ్యంతరమును మార్చుకొనగల జూమ్ కటకము నిశ్చల చిత్రములకు 1959లోనే, ఫోక్ట్‌లెండర్ జూమార్ అను 36–82 మి.మీ. రూపమున వచ్చినను, బరువుచేతను వెలచేతను సామాన్యులకు దూరమైయుండెను. 1985లో మినోల్టా 7000 స్పష్టతను తానే సరిదిద్దుకొను యంత్రాంగమును కెమేరా లోపలనే అమర్చెను. రెండేండ్లకు కెనాన్ సంస్థ ఇఓఎస్ శ్రేణిని ఆరంభించెను. ఇదే దశకమునుండి పెట్టెలోని 50 మి.మీ. కటకము స్థానమును 35–70 మి.మీ. మొదలగు తేలిక జూమ్‌లు క్రమముగ ఆక్రమించినవి.

డిజిటల్ యుగము

కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ 1975లో కూర్చిన తొలి డిజిటల్ కెమేరా, ఒక్క నలుపు-తెలుపు చిత్రమును క్యాసెట్ టేపుపై నెక్కించుటకు 23 సెకనులు తీసికొనెను. ఔత్సాహికులకు ఈ మార్గము నిజముగ తెరచుకొన్నది 2003లో కెనాన్ 300డి కటకముతో కలిపి 1000 డాలర్ల లోపున లభించినప్పుడే. దానితో వచ్చిన 18–55 మి.మీ. కటకము, నాటినుండి పలు సంస్థలు అనుసరించిన కొలతయై, కిట్ లెన్సు అను పేర ప్రపంచమంతట వ్యాపించెను. ఈ కెమేరాల గ్రాహకఫలకము 24×36 చట్రముకంటె చిన్నది గావున 18–55 మి.మీ. దృశ్యవిస్తృతి పాత లెక్కలో ఇంచుమించు 28–88 మి.మీ. కు సరిపోవును. 2008లో పానసోనిక్ జి1 అద్దమును తొలగించెను. 2013లో సోనీ ఏ7 24×36 మి.మీ. పూర్తిచట్రమునకు అదే మార్గమును చూపెను. 2018లో నైకాన్, కెనాన్ సంస్థలును పూర్తిచట్రపు అద్దరహిత కెమేరాలను ప్రవేశపెట్టినవి.

నేటి వాడుక

నేడు పక్షులకొరకు 70–300 మి.మీ. వంటి దూరకటకములు, పూవులకు కీటకములకు 90, 100 మి.మీ. మాక్రో కటకములు, ముఖచిత్రములకు 85 మి.మీ. కటకములు ఔత్సాహికుల సంచులలో కానవచ్చును. అన్నిటికంటె విస్తారముగ వాడబడు కెమేరా చరవాణియే. దాని ప్రధాన కటకము పాత లెక్కలో సుమారు 24–28 మి.మీ. తో సమానమైన విశాలదృష్టి గలది.

కిట్ జూమ్ తరువాత ఔత్సాహికుడు విడిగ కొను మొదటి కటకము తరచుగ ఎఫ్/1.8 ద్వారముగల 50 మి.మీ. కటకమే యగుచున్నది. 1990లో వెలువడిన కెనాన్ 50 మి.మీ. ఎఫ్/1.8 రెండవ రూపము, బిగింపువలయము సైతము ప్లాస్టిక్‌దై, 130 గ్రాములు మాత్రమే తూగుచు, చౌకతనముచే ఈ వాడుకకు దోహద మొనర్చెను. 55 మి.మీ. కడ ఎఫ్/5.6 దాటి తెరవని కిట్ జూమ్‌తో పోల్చినచో, ఇట్టి కటకము సుమారు 10 రెట్లు వెలుతురును గ్రహించును. దీపపు వెలుగున పిల్లల ముఖములను చిత్రింపగోరువారికి ఈ భేదము మొదటి సాయంకాలముననే అనుభవమునకు వచ్చును. ఒకనాడు కెమేరాతో తప్పనిసరిగ చేతికి వచ్చిన ఈ కటకమును, ఇప్పుడు కెమేరా కొన్న కొన్ని మాసములకు దుకాణమునకు మరల వెళ్ళి, పేరు చెప్పి అడిగి కొనుచున్నారు.