బిన్స్‌వాంగర్ నష్టభయ ప్రయోగములు

మెట్టసేద్యము చేయు రైతు నష్టభయమును ఏపాటి లెక్కించి నిర్ణయము గైకొనునో నిజమైన రొక్కముతో తూచి చూచిన తొలి పరిశోధనలలో ఇది ప్రముఖమైనది. స్విట్జర్లాండున 1943లో జన్మించిన అర్థశాస్త్రవేత్త హాన్స్ పీటర్ బిన్స్‌వాంగర్ (మ. 2017) పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థయందు పనిచేయుచు దీనిని నిర్వహించెను. ఆ సంస్థ 1975లో ఆరంభించిన గ్రామాధ్యయనములు దీనికి ఆధారభూమి. నాటి మహబూబ్‌నగరు జిల్లాలోని ఔరేపల్లె, డోకూరులతోపాటు మహారాష్ట్ర గ్రామములును చేరి, సుమారు 240 కుటుంబములు పాల్గొనెను. తరచు పేర్కొనబడు 1980 ఫలితములు అచ్చైన వత్సరము; ప్రయోగములు అంతకు పూర్వపువి.

పద్ధతి సులభము. పాల్గొనువాని ముందు కొన్ని జతల మొత్తములుంచి ఒకదానిని కోరుకొమ్మనిరి. పిదప నాణెమెగురవేసి, బొమ్మ పడిన ఒక మొత్తమును, బొరుసు పడిన వేరొక మొత్తమును చేతిలో పెట్టిరి. ఏబది రూపాయల ఆటలో మొదటి జతను కోరినవానికి ఏది పడినను 50 దక్కును. నడిమి జతలలో ఒకదానికి 30 లేక 150. చివరి రెండింటిలో ఒకదానికి 10 లేక 190, తుదిదానికి సున్న లేక 200. ఈ రెండింటి సగటును నూరే కావున, తుది జతను కోరినవాడు సగటున అదనపు లాభమేమియు లేకయే తెగించినవాడగును. అర్ధరూపాయితో మొదలైన ఆట వారముల తరబడి సాగి, కూలివాని నెలసరి రాబడిని మించు మొత్తములదాక పెరిగెను.

వట్టి ప్రశ్నలడిగి కొలిచిన ఫలితములు ప్రశ్నించువాని ధోరణిననుసరించి మారినవి. ఆటలో తేలిన వానితో అవి బొత్తిగా పొసగలేదు. పందెము పెద్దదైనపుడు దాదాపు అందరును మితమైన జాగరూకతనే చూపిరి. కలిమి ఈ వెరపును కొంత తగ్గించినట్లు తోచినను, ఆ భేదము గణాంకశాస్త్ర పరీక్షకు నిలువలేదు. పేదరైతు స్వభావముచేతనే పిరికియై పెట్టుబడికి జంకునను వాదము చిరకాలముగా కలదు. కాని పేదరైతు పెట్టుబడి పెట్టకుండుటకు అప్పు, ఎరువు, సలహా అందరికిని సమముగా అందకపోవుటయే హేతువను బిన్స్‌వాంగర్ అభిప్రాయము ఈ సాక్ష్యమునకు ఎక్కువ సరిపోవును. పులివెందుల, జమ్మలమడుగు మెట్టలలో అదునుకు వాన కురిసినను, విత్తనపు కాయలకు అప్పు పుట్టక చేను బీడుపెట్టుకొన్న చెనక్కాయ రైతును ఎరిగినవారికి ఈ మాట సులభముగా బోధపడును.

1981 నాటి మరియొక వ్యాసమున, జనులు తమ యావదాస్తిని కలుపుకొని లెక్కింపక, ఎదుటనున్న లాభమునే చూచి నిర్ణయింతురని ఆయన సూచించెను. మనస్తత్వశాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీలు 1979లో వెలువరించిన ప్రాస్పెక్ట్ సిద్ధాంతమునకు ఇది కొంతవరకు సన్నిహితము. బిన్స్‌వాంగర్ ఆటలోని జతల పట్టికనే ఐదింటికి కుదించినట్టి రూపమును అర్థశాస్త్రవేత్తలు ఎకెల్, గ్రాస్‌మన్‌లు 2002లో ప్రకటించిన తమ పరిశోధనయందు వాడిరి.