గజాల్లో కొలిచే ఇల్లు

జూబ్లీహిల్స్‌లో ఇల్లు అమ్మకానికి ఉందని చెప్పి చూడండి. ఎన్ని పడగ్గదులని ఎవరూ అడగరు. ఎన్ని గజాలు, ఏ ఫేసింగ్, ఎన్నో నంబరు రోడ్డు అని అడుగుతారు. ఇంటి సంగతి ఆ తర్వాతే, అదీ "కట్టి ఎన్నేళ్లయిందండీ?" అని. ముప్ఫై ఏళ్లు దాటిందంటే ఏజెంటు దాన్ని లెక్కలోకే తీసుకోడు. టేకు తలుపులు, పాలరాతి నేల, పూజగది చెక్కడాలు, అన్నీ నేల రేటులో కలిసిపోవలసిందే. ముచ్చటపడి కట్టుకున్న ఇంటికి ధరలో సున్నా పడటం ఒక్కరోజులో జరగలేదు.

మొదట్లో ఈ కొండకి బజారు రేటంటూ లేదు. నిజాం కాలంలో మెహదీ నవాజ్ జంగ్ పక్కనున్న బంజారాహిల్స్‌లో ఇల్లు కట్టుకుంటే, ఊరు వదిలి ఈ రాళ్లలో కాపురమేమిటని వింతగా చూసినవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత 1960లలో, నగర పాలక సంస్థ వ్యవహారాలు ఎరిగిన అధికారి చలగళ్ల నరసింహం చొరవతో జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడింది. ప్రభుత్వం ఇచ్చిన నేల దాదాపు 1,400 ఎకరాలు. నేల ధర, రోడ్ల ఖర్చు కలిపి సభ్యులకు పంచడమే అప్పటి ధర నిర్ణయం. సభ్యుడు డబ్బు కట్టాలి, ప్లాటు పుచ్చుకోవాలి. బేరం లేని చోట బేరగాడికి పనేముంది? అందుకే ఈ కాలనీ ఏజెంటు లేకుండానే పుట్టింది. ఏజెంట్లు వచ్చింది రెండో చేతి అమ్మకాలతో, అంటే ప్లాటు తీసుకుని ఇల్లు కట్టలేకపోయినవాళ్లు దాన్ని అమ్ముకోవడం మొదలయ్యాక.

సినిమావాళ్లు కొండెక్కడంతో కథ మారింది. అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో మొదలైంది. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు కూడా ఈ చుట్టుపక్కలే వెలిశాయి. మద్రాసులో ఇళ్లు అమ్ముకుని వచ్చే నటులకు, నిర్మాతలకు, టెక్నీషియన్లకు ఫిల్మ్‌నగర్ సొంత పేట అయింది. ఇక్కడే ఏజెంట్ల నోట కొత్త సరుకు పుట్టింది: పొరుగువారి పేరు. "పక్క గోడ ఫలానా హీరోదేనండీ" అంటే గజానికి ఎంత పెరుగుతుందో ఏ పుస్తకంలోనూ ఉండదు గానీ, ఆ మాట చెప్పకుండా ఇల్లు చూపించే ఏజెంటు మాత్రం ఉండడు. ఆ హీరో ఇల్లు ఖాళీ చేసి పదేళ్లయినా సరే.

అదే 1976లో ఢిల్లీ నుంచి ఒక చట్టం దిగింది, పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం. హైదరాబాద్‌లో ఒక కుటుంబానికి 1,000 చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం ఉండకూడదు. గజాల్లో చెప్పాలంటే 1,196. విశాలంగా ప్లాటు ఉన్నవాళ్లకు గుబులు పట్టుకుంది. ఖాళీగా ఉంచితే మిగులు భూమి అంటారేమోనని హడావిడిగా గోడలు లేపినవాళ్లున్నారు. పరిమితి చిక్కు తేలిందా లేదా అన్నది అమ్మకంలో మొదటి ప్రశ్న అయింది. కేంద్రం ఈ చట్టాన్ని 1999లో రద్దు చేసినా అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008 దాకా వదల్లేదు. అన్నేళ్లూ కొండ మీద ధర పలికింది నేల ఒక్కటే కాదు, నేలకు ఉన్న కాగితాలు కూడా.

ధరకు రెండు ముఖాలు వచ్చింది కూడా కాగితం వల్లే. దస్తావేజులో తక్కువ రాసి స్టాంపు సుంకం ఎగ్గొట్టడం పాత అలవాటు. దానికి మందుగా స్టాంపు చట్టంలో 47-ఎ సెక్షన్ చేర్చారు, 1975లో నియమాలు తెచ్చారు. రిజిస్ట్రారు దగ్గర ఏ ప్రాంతంలో గజం ఎంతో రాసిన విలువల పుస్తకం ఉంటుంది, అంతకు తక్కువ చూపిస్తే ఒప్పుకోడు. ఉద్దేశం మంచిదే. జరిగింది మాత్రం, జనం సరిగ్గా పుస్తకం రేటే రాయడం నేర్చుకున్నారు. మిగతాది నోటి రేటు, చేతికి నగదు. 2003 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్నువాళ్లు 50-సి సెక్షన్‌తో అమ్మినవాడి లాభాన్నీ ఆ పుస్తకానికే కట్టేశారు. 2015లో స్థిరాస్తి బేరాల్లో 20,000 రూపాయలు, ఆపైన నగదు పుచ్చుకోవడాన్ని నిషేధించారు. ఇక 2016 నవంబరు 8 రాత్రి నోట్ల రద్దు సంగతి అందరికీ తెలిసిందే. నోటి రేటు చిక్కిపోయింది గానీ, చచ్చిపోయిందని ప్రమాణం చేయగల ఏజెంటును నేనైతే చూడలేదు.

రేటు గాల్లోకి లేచిన ఏడాది చెప్పమంటే 1998 అంటాను. సైబర్ టవర్స్ తెరుచుకుంది. చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవి కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనమైంది, దాంతో "పార్క్ ఫేసింగ్" అనే మాటకు విలువొచ్చింది. రిజిస్ట్రేషన్ల శాఖ కంప్యూటర్లకు మారి, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కోసం రోజుల తరబడి తిరగడం తగ్గింది. మార్కెట్ విలువలు ఎలా సవరించాలో కొత్త నియమాలూ ఆ ఏడాదివే. సినిమా డబ్బుకి సాఫ్ట్‌వేర్ డబ్బు తోడైంది. జూబ్లీహిల్స్ ఊరి చివర కాకుండా పాత ఊరికీ కొత్త ఊరికీ మధ్యలో పడింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చాక 45వ నంబరు రోడ్డులో ఇల్లు అమ్మేవాళ్లు గదుల కంటే ముందు హైటెక్ సిటీకి ఎన్ని నిమిషాలో చెప్పసాగారు.

ఇప్పుడు ఏజెంటు ధర కట్టే తీరు చూద్దాం. 600 గజాల తూర్పు ఫేసింగ్ ప్లాటు, అందులో పాత ఇల్లు. గజం రెండు లక్షలనుకుందాం, పన్నెండు కోట్లు. ఈశాన్యం పెరిగిందా, ఓ మెట్టు పైకి. వీధిపోటు ఉందా, రెండు మెట్లు కిందికి. లోపల పెద్ద బండ ఉంటే ఒకప్పుడు పగలగొట్టే ఖర్చు తగ్గించేవారు. ఇప్పుడు అదే బండ చుట్టూ తోట వేసి ఫొటో తీస్తున్నారు. యజమాని పదమూడున్నర చెప్పమంటాడు, పదకొండున్నరకి దిగుతానని మనసులో అనుకుంటాడు. ఏజెంటు కమీషను ఒక్కో పక్క ఒక శాతమైతే పన్నెండు లక్షలు. 2013 నుంచి యాభై లక్షలూ ఆపై బేరాల్లో కొనేవాడు పట్టి ప్రభుత్వానికి కట్టాల్సిన టీడీఎస్సూ ఒక శాతమే. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అంటే తొంభై లక్షలు. అమ్మేవాడు అమెరికాలో ఉంటే ఆ ఒక శాతం టీడీఎస్ వర్తించదు, పన్ను కోత చాలా పెద్దది. ఈ ముక్క చాలామందికి బయానా పుచ్చుకున్నాక తెలుస్తుంది.

ప్రచారం విషయానికొస్తే, దినపత్రికల క్లాసిఫైడ్ల రెండు లైన్ల నుంచి 2005, 2006లలో వచ్చిన 99ఏకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్ మీదుగా ఇన్‌స్టా రీళ్ల దాకా చేరాం. అయినా ఈ కొండ మీద పెద్ద ఇళ్లకు గేటుకి బోర్డు కట్టడం నామోషీ. అప్పులపాలయ్యాడని అనుకుంటారని భయం. అందుకని ఒకే ఇంటి ఫొటోలు పదిమంది ఏజెంట్ల వాట్సాప్‌లో పది ధరలతో తిరుగుతాయి. కొనేవాడికి ఒకే ఇంటిని ముగ్గురు మూడుసార్లు చూపించడమూ ఉంది. అమెరికాలో ఏజెంట్లంతా ఒకే ఉమ్మడి జాబితాలో ఇల్లు పెట్టి, కమీషను పంచుకునే పద్ధతి నూరేళ్లకు పైబడినది. అక్కడా 2024లో కోర్టు రాజీ వల్ల ఆ పంపకం నియమాలు మారాయి. మనకు అలాంటి జాబితా రాలేదు. 2016 రెరా చట్టం ఏజెంట్లు నమోదు కావాలంది గానీ, అది బిల్డర్ల కొత్త ప్రాజెక్టుల కోసం. పాత బంగళా బేరం దాని గొడుగు కిందికి రాదు.

కొనేవాడు దొరికేదాకా ఇల్లు ఊరికే ఉండదు. సినిమా, సీరియళ్ల షూటింగులకు రోజు అద్దెకిస్తారు. బేరం నడుస్తున్న ఇంట్లో ఓ గదిలో పెళ్లిచూపుల సీను తీస్తూ, ఇంకో గదిలో ఏజెంటు టేపు పట్టుకుని కొలవడం ఫిల్మ్‌నగర్‌లో పెద్ద వింత కాదు.

అదే ఫిల్మ్‌నగర్‌లో గుట్ట వెనక్కి దిగితే బస్తీలు. లైట్‌బాయ్‌లు, డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు ఉండే చోటు. అక్కడ ఇల్లు చేతులు మారేది చాలావరకు నోటరీ కాగితం మీద, ఏజెంటు కిరాణా కొట్టు ఓనరో, బస్తీ పెద్దో. 2014 డిసెంబరు 30 నాటి 58వ జీవో ప్రభుత్వ భూమిలో 125 గజాల లోపు ఇళ్లున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరణ ఇస్తామంది. పట్టా వచ్చిన ఇంటికీ రాని ఇంటికీ ధరలో తేడా చాలా ఉంటుంది. కాకపోతే ఇక్కడ కొనేవాడు రెండు గదులా మూడా, నీళ్లు ఏ పూట వస్తాయి, మీటరు ఎవరి పేరున ఉంది అని అడిగాకే గజాల మాట ఎత్తుతాడు. గోడ మీద చెయ్యి వేసి చెమ్మ ఉందేమో కూడా చూస్తాడు.