హిమభూములలో భయానకకథ

ఐస్లాండు దేశమున పదునాలుగవ శతాబ్దమునాటికి గ్రంథరూపము దాల్చిన గ్రెట్టిర్ సాగాలో గ్లామ్ అను గొఱ్ఱెలకాపరి కథ యొకటి గలదు. స్వీడను నుండి వచ్చిన ఈ మోటువాడు, క్రిస్మసు ముందునాడు ఉపవాసముండవలెనన్న యజమానురాలి మాటను త్రోసిపుచ్చి, కడుపునిండ తిని, మంచుతుపానులో మందవెంట పోయి తిరిగిరాలేదు. లోయ పైభాగమున దొరికిన అతని శవము నల్లబడి, ఎద్దంత ఉబ్బి, చర్చికి ఈడ్చుకొనిపోవుటకు సైతము లొంగనంత బరువెక్కెను. దొరికినచోటనే రాళ్లు కప్పి వచ్చిరి. పిమ్మట గ్లామ్ లేచెను. రాత్రులయందు ఇంటికప్పుల నెక్కి త్రొక్కెను, పశువులను చంపెను, కూలివాండ్రు పనికి రామనిరి. ఇచ్చట గమనింపదగిన విశేషమేమన, ఈ ప్రేతము పొగవంటి నీడ కాదు, ఎముకలు విఱుగగొట్టగల దేహము. అది చేయు ప్రధానాపకారము సైతము, చలికాలమున ఒంటరియింటికి పనివాడు దొరకకుండ చేయుటయే. గ్రెట్టిర్ అను వీరుడు దానిని కూల్చి తల నఱికెను గాని, మబ్బులు తొలగి వెన్నెల పడిన క్షణమున దాని కన్నులను చూచి, అవి జీవితాంతము తనను వెన్నాడునన్న శాపమును పొంది, నాటినుండి చీకటిలో ఒంటరిగా నుండజాలనివాడయ్యెను. తరువాతి శతాబ్దములలో హిమభూముల భయానకకథ నడచిన త్రోవ యంతయు, ఇంటికప్పుపై త్రొక్కిన ఈ గ్లామ్ మెల్లమెల్లగా లోపలికి దిగి మనుష్యుని కన్నులలో కూర్చుండుటయే యని నాకు తోచుచున్నది.

మనకు మంచు భయహేతువు కాదు. మన దయ్యములు చింతచెట్లపైనను, మిట్టమధ్యాహ్నపుటెండలో ఊరిబయటి పాడుబావులయొద్దను కాపురముండును. హిమాలయమన్న గౌరికి పుట్టిల్లు, శివునికి అత్తవారిల్లు. ఐనను పెద్దన మనుచరిత్రములో ప్రవరుని కాళ్లకు పూసిన పసరు మంచునీటికి కరగిపోగా, ఆ గృహస్థుడు ఇల్లు చేరు దారి గానక చిక్కువడినప్పుడు, పాశ్చాత్య భయానకకారులందఱును వాడుకొన్న యుక్తియే అచ్చటను పనిచేసినది: మంచు దారిని మూసివేసినది. అతనికి ఎదురైనది గ్లామ్ గాక వరూధిని యగుటచే కథ శృంగారములోనికి తిరిగినది. ఈ దారి మూతలోనే శిల్పరహస్యమంతయు నున్నది. దయ్యపుకథ చదువు ప్రతివాడును, వీరు ఆ యిల్లు విడిచి ఏల పోరాదని అడుగును. మైదానదేశపు కథకుడు దీనికి ఏదో యొక సాకు కల్పింపవలెను, మంచుదేశపు కథకునికి ఆ శ్రమ లేదు.

ఈ కథాప్రక్రియ యొక్క ఆధునిక దశకు నాంది పలికినది ఒక ఉష్ణదేశపు అగ్నిపర్వతమగుట విచిత్రము. 1815 ఏప్రిలులో సుంబావా దీవియందలి తంబోరా బ్రద్దలై వెడలగ్రక్కిన గంధకధూమము భూగోళమును చుట్టుకొనగా, 1816లో పశ్చిమ ఐరోపాకు వేసవియే లేకపోయెను. ఆ వానలలో జెనీవా సరస్సు ఒడ్డున ఇల్లు కదలలేక దయ్యపుకథల పందెము వేసికొన్న మిత్రబృందమున పదునెనిమిదేండ్ల మేరీ యుండెను. 1818లో వెలువడిన ఆమె ఫ్రాంకెన్‌స్టైన్ నవలకు, ఉత్తరధ్రువమునకు బోవుచు మంచుగడ్డలనడుమ చిక్కుకొన్న వాల్టన్ తన సోదరికి వ్రాసిన లేఖలు చట్రము. కథ ముగియుటయు ఆ మంచులోనే. అదే యేట బ్రిటిషు నౌకాశాఖ నిజమైన ఓడలను ఉత్తరదిశకు పంపెను. ఎడ్గార్ పో 1838లో దక్షిణధ్రువమువైపు పంపిన పిమ్ కథ, తెల్లని మహాకారమొకటి కానవచ్చుటతోడనే తెగిపోవును. అది ముగింపో, ముగింపలేకపోవుటయో చెప్పుట కష్టము.

ఇంతలో కల్పనను మించిన వృత్తాంతము సంభవించెను. 1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వమున ఎరిబస్, టెఱ్ఱర్ అను రెండోడలు వాయవ్యమార్గమును వెదకుచు ఆర్కిటిక్కులోనికి పోయి అదృశ్యమైనవి; ఆ మార్గమున సాగిన 129 మందిలో ఒక్కడును తిరిగిరాలేదు. ఆకలికి తాళజాలక నావికులు తమ సహచరుల శవములను తినిరని ఇన్యూయిట్లు చెప్పిన మాటను 1854లో జాన్ రే అను వైద్యుడు లండనునకు చేరవేసెను. దానిపై చార్లెస్ డికెన్సు మండిపడి, ఆంగ్లనావికులు అట్టి పని చేయరనియు, చెప్పినవారు అనాగరికులు గనుక వారి సాక్ష్యము చెల్లదనియు తన హౌస్‌హోల్డ్ వర్డ్స్ పత్రికలో వ్రాసెను. క్రిస్మసు సంచికలలో దయ్యపుకథలను విందుగా వడ్డించిన ఈ మహారచయిత, నిజముగా జరిగిన భయానకమును మాత్రము నమ్మజాలకపోయెను. 1857లో విల్కీ కాలిన్సు వ్రాయగా తాను ముఖ్యపాత్ర ధరించి ఆడిన ది ఫ్రోజెన్ డీప్ నాటకములో, మంచున చిక్కినవాడు తన ప్రతిస్పర్ధిని ప్రాణమిచ్చి కాపాడును. కింగ్ విలియం దీవిలో దొరికిన ఎముకలపై కత్తిగాట్లను శాస్త్రజ్ఞులు 1990ల దశకమున వివరించిన పిమ్మట, ఇన్యూయిట్ల మాట నిజమని అంగీకరింపక తప్పలేదు. ఒక శతాబ్దముపాటు ఆంగ్లకథకులు మంచులో దయ్యములను వెదకుటకు, ఈ చెప్పరాని ఆకలినుండి చూపు మరల్చుకొనుటయు ఒక కారణమని నా యూహ.

1880లో హోప్ అను తిమింగలవేటనౌకలో వైద్యుడుగా పోయివచ్చిన కానన్ డాయిల్, 1883లో ప్రకటించిన పోల్‌స్టార్ నౌకాధిపతి కథలో, మృతప్రేయసి రూపమును వెంబడించి మంచుపైకి దిగి మరణించిన యొక నాయకుని చూపెను. జపానులోని హిమకన్య యూకి-ఒన్నాను లఫ్కాడియో హెర్న్ 1904లో ఆంగ్లపాఠకులకు పరిచయము చేసెను. 1910లో ఆల్జర్నన్ బ్లాక్‌వుడ్ వ్రాసిన ది వెండిగో మఱింత ప్రసిద్ధము. ఆల్గాంకియను జాతుల సంప్రదాయమున వెండిగో చలికాలపు కఱవునకును నరమాంసభక్షణకును సంబంధించినది. బ్లాక్‌వుడ్ దానిని కెనడా అడవి పిలుపుగా మార్చి, ఆకలిని తగ్గించి, గాలిని పెంచెను. కథ గొప్పదే గాని, ఆ జాతులవా రెఱిగిన వెండిగో అందు సగమే యున్నది.

అసలైన మలుపు అంటార్కిటికాలో వచ్చెను. లవ్‌క్రాఫ్టు 1936లో ప్రకటించిన నవలికయందు భయము ఇంకను బయటనే, మహాపర్వతముల చాటున, ప్రాచీన శిథిలములలోనే యుండెను. రెండేండ్లకే, 1938లో, జాన్ కాంబెల్ వ్రాసిన హూ గోస్ దేర్ కథలో మంచునుండి త్రవ్వితీసిన గ్రహాంతరజీవి ఎవరి రూపమునైనను ధరింపగలదు గనుక, శిబిరములో ప్రతివాడును ప్రతివానిని అనుమానించును. నెత్తురుబొట్టునకు కాల్చిన తీగను తాకించి, అది ప్రాణభయముతో తప్పించుకొన జూచినయెడల ఆ నెత్తురు మనుష్యునిది కాదని తేల్చు ఘట్టము, వంద ప్రేతముల కేకలకంటెను ఎక్కువ వణకు పుట్టించును. ఈ కథ ఆధారముగా తీసిన 1951నాటి చలనచిత్రము ఈ రూపాంతరశక్తిని విడిచిపెట్టి మామూలు రాక్షసునితో సరిపెట్టుకొనెను. 1982లో తన చిత్రమున జాన్ కార్పెంటర్ ఆ శక్తిని మరల తెచ్చెను.

ఇక మిగిలినది అనుమానింపబడువాడు కుటుంబయజమానియే యగుట. 1974లో కొలరాడోలోని స్టాన్లీ హోటలు చలికాలమునకు మూతపడు సమయమున బసచేసిన స్టీఫెన్ కింగ్, ఆ శూన్యపు నడవలనుండి 1977నాటి ది షైనింగ్ నవలను అల్లెను. అందలి కాపలాదారు హోటలుతోబాటు బాయిలరు ప్రేలి దగ్ధమగును. 1980లో కుబ్రిక్కు తీసిన చిత్రములో మంచుచిట్టడవిలో గడ్డకట్టును. కింగుకు ఆ చిత్రము నచ్చలేదు; ముగింపు విషయమున మాత్రము నేను కుబ్రిక్కు పక్షమే.

2007లో డాన్ సిమ్మన్సు ది టెఱ్ఱర్ నవలతో ఫ్రాంక్లిన్ నావికులయొద్దకే తిరిగిపోయి, డికెన్సు కాదన్న ఆకలిని పూర్తిగా ఒప్పుకొని, పైగా ఎలుగుబంటిని పోలిన యొక మహామృగమును చేర్చెను. తరువాత ఇన్యూయిట్ల నోటిమాట తోడ్పాటుతో 2014లో ఎరిబస్, 2016లో టెఱ్ఱర్ సముద్రగర్భమున దొరికినవి. మృగమునకై సిమ్మన్సు పుస్తకము పట్టిన పాఠకునిచేత పుటలు త్రిప్పించునవి చెడిన డబ్బామాంసము, నెత్తురోడు చిగుళ్లు, మిగిలిన బొగ్గు ఎన్నాళ్లు వచ్చునను లెక్క. 2018లో ఈ నవలను టెలివిజను ధారావాహికగా తీసినవారికి ఈ సంగతి తెలిసినట్లున్నది. అందు మృగము కానవచ్చు ఘట్టములకంటె, నావికులు ఒకరి మొగమొకరు అనుమానముతో చూచికొను ఘట్టములే మెండు.