తాళం వేసిన టెలిఫోను

టెలిఫోనుకు తాళం వేసేవారంటే ఈ తరం పిల్లలు నమ్మకపోవచ్చు. నల్లటి ఫోను మీది చక్రంలో ఒక రంధ్రానికి చిన్న తాళం బిగించి, చెవి జేబులో వేసుకొని పెద్ద గుమాస్తా ఇంటికి వెళ్ళిపోయేవాడు. వచ్చిన పిలుపును ఎత్తవచ్చు, మనంతట మనం ఎవరినీ పిలవడానికి వీల్లేదు. ఆ తాళం వెనుక ఉన్నది గడియారం కథ.

దూరపు ఊరికి మాట్లాడాలంటే ఒకప్పుడు ట్రంకు కాల్ బుక్ చేసి ఆపరేటరు పిలుపు కోసం కాచుకొని కూర్చోవలసి వచ్చేది. ఎవరు, ఎక్కడికి, ఎంతసేపు మాట్లాడారన్నది ఆవిడ రాసే చీటీలో ఉండేది. నిజానికి ఆ ఆపరేటరే ఆనాటి తాళం. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మన దేశపు తొలి ఎస్టీడీ మొదలయ్యాక పరిస్థితి క్రమంగా మారింది. సున్నా తిప్పగలిగిన ప్రతివాడూ దేశమంతటితో మాట్లాడగలడు. చీటీ లేదు, సాక్షి లేదు, నెలాఖరున బిల్లు మాత్రం వస్తుంది. యజమానుల గుండెలో రాయి పడింది.

అయితే చక్రానికి వేసిన తాళం అమాయకమైనది. చక్రం చేసే పనల్లా తీగలో ప్రవహించే విద్యుత్తును లెక్క ప్రకారం తెంచి కలపడమే. రిసీవరు పెట్టే మీటను వేలితో టకటకా నొక్కినా అదే జరుగుతుంది. మూడు కావాలంటే మూడుసార్లు, సున్నా కావాలంటే పదిసార్లు. ఈ విద్య తెలిసిన వారు తాళాన్ని చూసి నవ్వుకొనేవారు.

తాళం వేసినవారి లెక్కకు అడ్డంగా టెలికాం శాఖవారి లెక్క మరొకటి ఉండేది. పగలు వ్యాపారస్తుల రద్దీ ఎక్కువ, ఊళ్ళను కలిపే మార్గాలు తక్కువ. ఆ భారాన్ని రాత్రికి మళ్ళించడానికి శాఖ రేట్లు తగ్గించింది. పగలు పూర్తి రేటు, చీకటి పడ్డాక సగం, బాగా పొద్దుపోయాక పావు. మీటరు ఒక్కసారి తిరగడానికి పట్టే సెకన్లు రాత్రిళ్ళు పెరిగేవి. అదే రూపాయికి ఎక్కువ మాటలు.

1980ల చివర పసుపుపచ్చ బోర్డుల ఎస్టీడీ బూతులు వెలిశాక ఈ లెక్క ప్రతి సామాన్యుడికీ కంఠతా వచ్చింది. సనత్‌నగర్ కర్మాగారాల పక్కన పెరిగిన బోరబండలోనైనా, ఊరు వదిలివచ్చి కంప్యూటరు కోర్సుల్లో చేరిన కుర్రాళ్ళు అద్దె గదుల్లో ఉండే అమీర్‌పేటలోనైనా, రాత్రి బూతు ముందు వరుస కట్టడమంటే పావు రేటు కోసం కాచుకోవడమే. అవతల ఊళ్ళో ఫోనున్న ఇంటివారు నిద్రమాని మన అమ్మను పిలుచుకు రావాలి. అద్దాల గదిలో ఎర్ర అంకెలు పరుగెడుతుంటే, చెప్పదలచుకున్న మాట చివరికి మిగిలిపోయేది.

ఇదే కాలంలో కార్యాలయాల తాళం ఇనుమును వదిలి విద్యుత్ యంత్రంలోకి చేరింది. 1984లో ఏర్పడిన సీ-డాట్ వంటి సంస్థల కృషితో చిన్న ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు దేశంలోనే తయారయ్యాయి. ఈపీఏబీఎక్స్ అనే పెట్టె ఒక్కొక్క ఫోనుకు ఒక్కొక్క తరగతిని ఇస్తుంది. ఒకరికి విదేశాలు, ఒకరికి దేశం, ఒకరికి ఊరు, ఒకరికి లోపలి గదులు మాత్రమే. దానిలో గడియారం కూడా ఉంటే పగటికొక తరగతి, రాత్రికొక తరగతి. సాయంత్రం ఆరయ్యేసరికి మేనేజరు బల్ల మీది ఫోను కూడా బయటి ప్రపంచాన్ని మరచిపోతుంది. బయటినుండి వచ్చే పిలుపులు గేటు దగ్గరి కాపలాదారుకు చేరతాయి.

ఇక్కడొక వింత గమనించండి. శాఖ ఫోను చౌకగా ఇచ్చిన వేళకే కార్యాలయం తాళం వేసింది. ఆ వేళ చూసేవారు లేరన్నదే దాని భయం, ఖర్చు కాదు. అంటే అది డబ్బుకు వేసిన తాళం కన్నా నమ్మకానికి వేసిన తాళమే.

ఆ తాళం ఎవరి మీద పడిందో కూడా చూడాలి. రాత్రి ఆ భవనంలో మిగిలేది కాపలాదారు, రాత్రి పాళీ కూలీ. చాలా చోట్ల బయటి లైను కోసం ముందు సున్నానో తొమ్మిదో నొక్కాలి. ఆ ద్వారమే మూసివేస్తే పోలీసుల 100, అగ్నిమాపక దళం 101 కూడా మూతబడతాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైంది. యంత్రం దగ్గర చేయి నలిగిన మనిషికి ఆ మూడంకెలు ఎంత అవసరమో వేరే చెప్పాలా? ఆ కొద్ది అంకెలను ఏ వేళనైనా తెరచి ఉంచే వీలు చాలా యంత్రాలలో ఉంది. అమర్చేవారికి గుర్తుండాలి, అంతే.

తరువాత తాళం అవసరమే తగ్గిపోయింది. 2003లో సెల్ ఫోనుకు వచ్చే పిలుపులు ఉచితమయ్యాయి. 2006 మార్చి 1న బీఎస్ఎన్ఎల్ దేశమంతటికీ నిమిషానికి రూపాయి పథకం తెచ్చింది. పావు రేటు కోసం మేలుకొనేవారు లేరు, పసుపు బోర్డులు వెలిసిపోయాయి.

ఎంతసేపైనా మాట్లాడే స్వేచ్ఛ ఇప్పుడు అందరి జేబులోనూ ఉంది. అయినా కొత్త భవనంలో కొత్త ఎక్స్ఛేంజీ అమర్చేటప్పుడు రాత్రి పట్టికను నింపే చేయి ఒక్క క్షణం ఆగాలి. అర్ధరాత్రి ఆ ఫోను ఎత్తే మనిషి ఎవరో తలచుకోవాలి.