పొయ్యి చుట్టూ బేస్‌బాల్

అమెరికాలో చలికాలం బేస్‌బాల్ ఆట ఉండదు. ఆట లేకపోతేనేం, మాటలుంటాయి గదా! పూర్వం అభిమానులు కొట్లో ఇనప పొయ్యి చుట్టూ చేరి, జట్టులో ఎవర్ని ఉంచాలి, ఎవర్ని వదిలించుకోవాలి అని వాదులాడుకునేవారు. ఆ కబుర్లకి 'హాట్ స్టవ్ లీగ్' అని పేరే పడిపోయింది.

ఆ పొయ్యి భగ్గుమన్నది 1920 జనవరిలో. బోస్టన్ రెడ్ సాక్స్ యజమాని హారీ ఫ్రేజీ, వృత్తికి నాటకాల వ్యాపారి, తన జట్టులోని బేబ్ రూత్‌ని న్యూయార్క్ యాంకీస్‌కి లక్ష డాలర్లకి అమ్మేశాడు. పైగా తన మైదానం తాకట్టు మీద వాళ్ళ యజమాని దగ్గర 3 లక్షల అప్పు! రూత్ 1919లో 29 హోమ్ రన్లు కొట్టి రికార్డు పెట్టినవాడు. (హోమ్ రన్ అంటే మన సిక్సర్‌కి అన్నగారనుకోండి.) ఫ్రేజీ కొంప ముంచాడని కొందరు గోలపెట్టారు. అందరూ కాదు సుమండీ! రూత్ అంత కొట్టినా జట్టు ఎనిమిదింటిలో ఆరోదిగానే మిగిలింది, కాంట్రాక్టు ఉండగానే జీతం 10 వేల నుంచి 20 వేలు చెయ్యమంటాడు, ఒకరి మాట వినడు, పోతే పోయాడు అన్నవాళ్ళూ ఉన్నారు. ఇవాళ మనకి నవ్వొస్తుంది గానీ, ఆ చలికాలం లెక్కల్లో అది కొట్టిపారేసే మాట కాదు.

వేసవి వచ్చింది. యాంకీస్ తరఫున రూత్ 54 కొట్టాడు. 1918లో వరల్డ్ సిరీస్ గెలిచిన బోస్టన్ మళ్ళీ గెలిచింది 2004లో. ఆ 86 ఏళ్ళూ అక్కడి పొయ్యి దగ్గర మొదటి ముద్దాయి ఫ్రేజీయే.