సింథసైజర్ మీటలు: వాద్యకారుల చేతులు దిద్దిన చరిత్ర

కీబోర్డు కొనేవారు మీటలెన్ని, ఒకేసారి ఎన్ని స్వరాలు పలుకుతాయి, వేలి ఒత్తిడికి స్పందన ఉందా, సొంతంగా కూర్చుకున్న ధ్వనులను దాచుకునే వీలుందా అని విచారిస్తారు. ఈ లక్షణాలేవీ ఒక్కసారిగా ఒకేచోట పుట్టినవి కావు. వీటిలో ప్రతి ఒక్కటీ ఏదో ఒక కాలంలో వాద్యకారుడి చేతికి ఎదురైన ఇబ్బందికి సమాధానంగా వచ్చి చేరినదే.

తీగ, తోలు, గాలిగొట్టం వంటి కంపించే వస్తువుతో పని లేకుండా విద్యుత్ సంకేతాల నుంచే నాదాన్ని పుట్టించే వాద్యం సింథసైజర్. 1964లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రూమన్స్‌బర్గ్‌లో రాబర్ట్ మోగ్, స్వరకర్త హెర్బర్ట్ డాయిచ్‌తో కలిసి తన యంత్రానికి రూపమిచ్చాడు. దాదాపు అదే కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో డాన్ బుక్లా మరో యంత్రాన్ని నిర్మిస్తూ, పియానో మీటలు పెడితే కొత్త నాదం పాత స్వరస్థానాల్లోనే బందీ అవుతుందని భావించి, వాటి స్థానంలో స్పర్శ పలకలు అమర్చాడు. బుక్లా ఆలోచన లోతైనదే అయినా, అప్పటికే పియానోకు అలవాటుపడిన వేళ్లు మోగ్ మీటలనే ఆదరించాయి.

ఆ తొలి మోగ్ ఒకసారికి ఒక్క స్వరాన్నే పలికేది. అందుకే 1968 నాటి ‘స్విచ్డ్-ఆన్ బాఖ్’ ఆల్బమ్ కోసం వెండీ కార్లోస్ ఒక్కొక్క వరుసనూ విడివిడిగా టేపుపై రికార్డు చేసి, వాటిని ఒకదానిపై ఒకటి పేర్చవలసి వచ్చింది. 1970లో వచ్చిన మినీమోగ్ కూడా ఏకస్వర వాద్యమే. అయితే 44 మీటలున్న ఆ చిన్న పెట్టె, గదినిండా అల్లుకునే తీగల అవసరాన్ని తొలగించి వేదిక ఎక్కింది. మీటలకు ఎడమవైపున దానికి అమర్చిన చక్రం విలువ భారతీయ శ్రోతకు చప్పున తెలుస్తుంది. కుడిచేతి వేలు మీటపై నిలిచి ఉండగా ఎడమచేయి ఆ చక్రాన్ని తిప్పితే, స్వరం మెట్టు దిగకుండా జారుతూ సాగుతుంది. స్వరానికీ స్వరానికీ మధ్య ఇలా జారలేకపోవడమే హార్మోనియంపై శాస్త్రీయ సంగీతజ్ఞుల ప్రధాన ఆక్షేపణల్లో ఒకటి. ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 వరకు ఆ వాద్యాన్ని దూరం పెట్టడం వెనుకా అది ఉంది.

వేదికపై మరో చిక్కు ఎదురైంది. ఒక ధ్వని నుంచి మరో ధ్వనికి మారాలంటే పాట మధ్యలో గుండీలన్నీ తిప్పుకోవాలి. 1978లో డేవ్ స్మిత్ రూపొందించిన ప్రాఫెట్-5 మైక్రోప్రాసెసర్ సాయంతో 40 ధ్వనులను జ్ఞాపకం ఉంచుకుని, ఐదు స్వరాలను ఒకేసారి పలికింది. ఇలా ఒకేసారి పలికే స్వరాల పరిమితినే పాలిఫొనీ అంటారు.

1983లో యమహా విడుదల చేసిన డీఎక్స్7 ఈ పరిమితిని 16కు పెంచింది. స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ చౌనింగ్ కనుగొన్న ఎఫ్‌ఎం పద్ధతి, అంటే ఒక తరంగంతో మరో తరంగపు పౌనఃపున్యాన్ని కదిలించి కొత్త నాదాన్ని రాబట్టే పద్ధతి, దాని ఆధారం. మీట దిగుతున్నప్పుడు పట్టే వ్యవధిని కొలిచి, వేగంగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మృదువుగా పలకడం దానిలోని మరో గొప్పదనం. అయితే ఈ లాభం ఊరికే రాలేదు. గుండీల వరుస మాయమై, వరుసకు 16 అక్షరాలు పట్టే రెండు వరుసల చిన్న తెర, చదునైన బటన్లు మిగిలాయి. ధ్వనిని స్వయంగా మలచుకోవడం కష్టమై, చాలామంది కంపెనీ పొందుపరిచిన ధ్వనులకే పరిమితమయ్యారు. సౌలభ్యం కోసం సృజనను ఇంతగా వదులుకోవడం ఈ చరిత్రలోకెల్లా విచారకరమైన మలుపు.

అదే ఏడాది జనవరిలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డులను ఒకే తీగతో కలిపి చూపారు. ఏ మీట నొక్కారు, ఎంత వేగంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు వంటి సమాచారాన్ని మాత్రమే చేరవేసే ఈ మిడి ఒప్పందం వల్ల, ఒక కంపెనీ మీటలతో మరో కంపెనీ నాదాన్ని పలికించడం సాధ్యమైంది. 1988లో కోర్గ్ ఎం1 ధ్వనులనూ, వాటిని వరుసగా నమోదు చేసే సీక్వెన్సర్‌నూ ఒకే పెట్టెలో కూర్చడంతో, కీబోర్డు వాద్యకారుడు ఒంటిచేత్తో పాటకు నమూనా సిద్ధం చేయగలిగాడు. రాజ్-కోటి వంటి తెలుగు సంగీత దర్శకుల వద్ద ఏ.ఆర్. రెహమాన్ కీబోర్డు వాయించిన రోజులూ ఈ మార్పుల కాలానివే.

మీటల సంఖ్య మాత్రం పెద్దగా మారలేదు. ప్రాఫెట్-5, డీఎక్స్7, ఎం1 మూడింటికీ 61 మీటలే, అంటే ఐదు స్థాయిలు. పియానోలోని 88 మీటలూ, వాటి బరువైన దిగుడూ పియానో నేర్చిన చేతికి కావాలి. తేలికగా దిగే 61 మీటలు హార్మోనియం చేతికి సులువుగా అలవడతాయి. గమకం పలికించాలనుకునే చేయి మాత్రం మీటల లెక్క కంటే ముందు ఎడమవైపు చక్రాన్ని వెతుక్కుంటుంది.